కాలేజీ ఎస్సేలో చెప్పుకోలేని విషయం రాయాలా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని చాలా కాలేజీలకు ఒకే చోటి నుంచి అప్లై చేసుకునే వెబ్‌సైట్ కామన్ యాప్ ప్రతి ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఆ వారం నుంచే నాకు అవే సందేహాలు వస్తుంటాయి. "అమ్మ జబ్బు గురించి రాయొచ్చా?", "డిప్రెషన్ అని రాస్తే సీటు పోతుందా?", "ఇంట్లో గొడవలు బయటపెట్టడం తప్పా?" అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేసే తెలుగు పిల్లల ఎస్సేలు కొన్నేళ్ళుగా చదివిపెడుతున్నాను. ఆ సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టకముందు

పెద్ద కష్టం ఏదీ రాయకపోతే నా ఎస్సే తేలిపోతుందా?

తేలిపోదు. కామన్ యాప్‌లో ఎస్సేకి 7 ప్రశ్నలు ఇస్తారు, వాటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. ఎదురైన అడ్డంకి గురించి అడిగేది అందులో ఒక్కటే. చివరిది మీకు నచ్చిన ఏ విషయం మీదైనా రాసుకోమంటుంది. పాత రేడియోలు విప్పి చూసే అలవాటు గురించి ఒక అబ్బాయి రాసిన ఎస్సే నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో కన్నీళ్ళు లేవు. కానీ చదివాక ఆ పిల్లవాడితో ఒక గంట మాట్లాడాలనిపించింది. బాధ మీకు ఉంటే ఉంది, లేకపోతే లేదు. దాన్ని వెతికి తెచ్చుకోవద్దు.

రాయాలా వద్దా అని ఎలా తేల్చుకోవాలి?

ముందు ఒక్క విషయం విడదీసుకోండి. ఇది కాలేజీకి తెలియాల్సిన సమాచారమా, మీరు చెప్పాలనుకుంటున్న కథా? ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఎక్కువ మంది టెన్షన్ పడుతుంటారు.

నాన్న ఉద్యోగం పోయి, ఊరు మారి, పదో తరగతిలో మార్కులు పడిపోయాయనుకోండి. అది సమాచారం. మీ మార్కులు చూసేవాళ్ళకు కారణం తెలియాలి. దానికి ఎస్సే మొత్తం ఖర్చుపెట్టక్కర్లేదు. కామన్ యాప్‌లోనే "చాలెంజెస్ అండ్ సర్కమ్‌స్టాన్సెస్" అనే గడి ఉంది, 250 పదాలు రాయొచ్చు. స్కూల్ కౌన్సెలర్ కూడా కాలేజీకి పంపే తన సిఫార్సు ఉత్తరంలో నాలుగు మాటలు రాయగలరు. పైగా వేరే మనిషి చెబితే అది సాకులా వినబడదు.

అలా కాకుండా, ఆ కష్టం వల్ల మీరు లోకాన్ని చూసే తీరే మారిపోయి, అది తీసేస్తే మీరెవరో చెప్పడం కుదరదనిపిస్తే, అది కథ. దాని చోటు ఎస్సేనే.

కథే అయినా ఇంకో పరీక్ష ఉంది. మీరు నమ్మే ఒక్క మనిషి ముందు కూర్చుని ఆ సంగతి పైకి చెప్పండి. గొంతు కొంచెం వణికితే ఫరవాలేదు. చెప్పాక రెండు రోజులు నిద్ర పట్టకపోతే మాత్రం ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉందని అర్థం. పచ్చి గాయాన్ని ముక్కూమొహం తెలియని వాళ్ళకు చూపించాల్సిన అవసరం ఏ కాలేజీ కోసమూ లేదు.

నాకు రాయడం ఇష్టం లేదు. కానీ కన్సల్టెంట్ "ఇదే నీ బెస్ట్ స్టోరీ" అంటున్నారు. ఏం చేయను?

వద్దని చెప్పండి. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. మీ జీవితంలో ఏది ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. ఇష్టం లేకుండా రాసిన ఎస్సేలో ప్రతి వాక్యం బిగుసుకుని ఉంటుంది, చదివేవాళ్ళకు అది తెలిసిపోతుంది.

నేను ఇంకా ఆ కష్టంలోనే ఉన్నాను. బయటపడ్డాకే రాయాలా?

పూర్తిగా బయటపడాలని రూలేమీ లేదు. జీవితంలో చాలా కష్టాలు పూర్తిగా ముగియవు కూడా. కానీ కొంచెం దూరం నుంచి చూడగలిగే స్థితి కావాలి. "అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు ఇంత అర్థమైంది" అని ఒక్క మాటైనా నిజాయితీగా రాయగలిగితే ఆ దూరం వచ్చినట్టే.

రాస్తుంటేనే చనిపోవాలనే ఆలోచనలు తిరిగి వస్తుంటే ఎస్సే అక్కడే ఆపేయండి. అమెరికాలో ఉంటే 988 హెల్ప్‌లైన్‌కి, ఇండియాలో ఉంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. మెసేజ్ పంపడం తేలికనిపిస్తే 988కి టెక్స్ట్ కూడా చేయొచ్చు. డెడ్‌లైన్ గురించి తర్వాత ఆలోచిద్దాం.

## ఏ విషయం, ఎంతవరకు

డిప్రెషన్, యాంగ్జైటీ గురించి రాస్తే అప్లికేషన్ పక్కన పెట్టేస్తారా?

చట్టం ఏమంటుందో ముందు చెబుతాను. అమెరికాలో 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504, 1990 నాటి ఏడీఏ (వికలాంగుల హక్కుల) చట్టం వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదంటాయి. మానసిక అనారోగ్యం కూడా వీటి కిందికి రావచ్చు. అడ్మిషన్ ఇవ్వకముందు మీకు ఏదైనా వైకల్యం ఉందా అని కాలేజీ అడగడానికి వీల్లేదు. అంటే చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

మీ అంతట మీరే చెప్పినప్పుడు చదివేవాళ్ళు మనుషులే కదా. ఇల్లు వదిలి, కొత్త ఊళ్ళో, పరీక్షల ఒత్తిడిలో ఈ పిల్ల తనను తాను చూసుకోగలదా అనే ఆలోచన వాళ్ళకు రావచ్చు. అందరికీ వస్తుందని అనను. వస్తే దానికి జవాబు మీ ఎస్సేలోనే దొరకాలి. ఇప్పుడు మీకు కష్టంగా ఉన్న రోజున ఎవరి దగ్గరికి వెళ్తారు, ఏం చేస్తారు, ఏ పని మిమ్మల్ని నిలబెడుతోంది అన్నవి రాయండి. జబ్బు పేరు, మందుల పేర్లు రాయకపోయినా నష్టం లేదు.

రెండు హద్దులు మాత్రం దాటొద్దని గట్టిగా చెబుతాను. మిమ్మల్ని మీరు గాయపరచుకోవడం గురించి రాస్తే, ఎలా గాయపరచుకున్నారన్నది రాయొద్దు. తిండికి సంబంధించిన జబ్బు గురించి రాస్తే బరువు, క్యాలరీల అంకెలు రాయొద్దు. చదివేవాళ్ళలో అదే బాధ పడినవాళ్ళు ఉండొచ్చు.

తాతయ్య చనిపోవడం అందరూ రాసే టాపిక్ అంటున్నారు. మానేయాలా?

అందరికీ తాతయ్యలు ఉంటారు, అందరూ పోగొట్టుకుంటారు. అందుకని మీ బాధ పాతబడిపోదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఎస్సేకి ఉన్న హద్దు 650 పదాల్లో 500 పదాలు తాతయ్య ఎంత మంచివారో చెప్పడానికే అయిపోతాయి. చివరికి కాలేజీవాళ్ళకు ఆయన్ని చేర్చుకోవాలనిపిస్తుంది. ఆయన పోయాక మీ రోజు ఎలా మారిందో అక్కడి నుంచి మొదలుపెట్టి చూడండి. ఆయన చేసే ఏ పని ఇప్పుడు మీరు చేస్తున్నారు? ఆ పని చేస్తున్న మీ చేతుల గురించి రాయండి.

నా మీద జరిగిన లైంగిక వేధింపు గురించి రాయొచ్చా?

రాయొచ్చు. రాయకపోవచ్చు. రెండూ సరైనవే. రాయాలనుకుంటే మూడు సంగతులు ముందే తెలిసి ఉండాలి.

ఒకటి, జరిగింది వివరంగా చెప్పక్కర్లేదు. ఒక్క వాక్యం చాలు, మిగిలినదంతా ఆ తర్వాతి మీ గురించే ఉండొచ్చు. రెండు, మైనర్‌కు హాని జరిగిందని తెలిస్తే అధికారులకు తెలియజేయాల్సిన బాధ్యత కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని కాలేజీల్లో సిబ్బందికి ఉంటుంది. మీ స్కూల్ టీచర్లకూ కౌన్సెలర్లకూ దాదాపు తప్పకుండా ఉంటుంది. మీరు డ్రాఫ్ట్ చూపించిన క్షణం నుంచి విషయం మీ చేతిలో మాత్రమే ఉండకపోవచ్చు. అది మంచికే కావచ్చు, కానీ తెలియకుండా జరిగితే షాక్ తగులుతుంది. మూడు, కేసు నడుస్తుంటే ముందు లాయర్‌ని అడగండి.

ఇప్పటికీ ఆ మనిషి వల్ల ప్రమాదం ఉంటే మాత్రం ఎస్సే సంగతి పక్కన పెట్టి, ఈ రోజే మీరు నమ్మే పెద్దవాళ్ళకు ఎవరికైనా చెప్పండి.

మేము హెచ్-4 మీద ఉన్నాం. వీసా టెన్షన్ గురించి రాస్తే ఇబ్బందా?

హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే హెచ్-4 చట్టబద్ధమైన హోదానే, రాసినందుకు భయపడాల్సింది లేదు. గ్రీన్‌కార్డ్ వరుసలో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ, 21 నిండితే అమ్మానాన్నల వీసా నీడ పోతుందన్న లెక్కతో పెరగడం మన పిల్లల్లో చాలామందికి నిజమైన అనుభవం. చదివేవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవచ్చు కాబట్టి ఒక్క వాక్యంలో వివరించి, వెంటనే మీ దగ్గరికి వచ్చేయండి. ఎస్సే వీసా నిబంధనల పాఠంలా మారితే అందులో మీరు కనబడరు.

నాకు కాగితాలు లేవు. లేదా మా ఆశ్రయం కేసు నడుస్తోంది. రాయొచ్చా?

ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. విద్యార్థుల రికార్డులను కాపాడే ఫెర్పా చట్టం 1974 నుంచి ఉంది. కానీ అది ఆ కాలేజీలో చేరినవాళ్ళకే వర్తిస్తుంది. అప్లై చేసి చేరనివాళ్ళ కాగితాలకు ఆ చట్టం రక్షణ ఉండదు. మీ హోదా పేరు చెప్పకుండానే మీరు మోసిన బాధ్యతలు, ఇంట్లో అందరి ఉత్తరాలకూ మీరు అనువాదం చేయాల్సి రావడం లాంటివి రాయడం సాధ్యమే. నేనైతే ముందు ఆ దారే వెతుకుతాను.

అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జాతి, రంగు గురించి రాయకూడదా?

రాయొచ్చు. 2023 జూన్ 29న ఇచ్చిన తీర్పు అడ్మిషన్లలో జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోవడాన్ని ఆపింది. అదే తీర్పులో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి రాస్తే దాన్ని పరిగణించడానికి అడ్డులేదని రాశారు. అయితే అది ఆ అభ్యర్థి ధైర్యానికో సామర్థ్యానికో ముడిపడి ఉండాలి. ఏ జాతి అన్నదానికంటే మీకు ఏం జరిగింది, మీరు ఏం చేశారు అన్నదే రాయాల్సిన విషయం.

కులం గురించి రాస్తే అమెరికావాళ్ళకు అర్థమవుతుందా?

కొందరికి అవుతుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో, సియాటెల్ నగరం 2023లో కులాన్ని తమ వివక్ష వ్యతిరేక నియమాల్లో చేర్చాయి. కాబట్టి ఆ మాట అక్కడ పూర్తిగా కొత్తది కాదు. అయినా చదివే మనిషికి ఏమీ తెలియదనుకునే రాయండి. చరిత్ర చెప్పొద్దు, ఒక సన్నివేశం చెప్పండి. స్నేహితురాలి ఇంట్లో ఇంటిపేరు అడిగాక గదిలో పడిన నిశ్శబ్దం చాలు. అన్యాయం అనుభవించినవాళ్ళే కాదు, తమ ఇంట్లోనే ఆ వివక్ష చూసి ఎదురు మాట్లాడినవాళ్ళూ రాయొచ్చు. కానీ అలా రాసేటప్పుడు మిమ్మల్ని మీరు హీరోను చేసుకోవద్దు.

రాజకీయాలు, మతం?

మీరు చేసిన పని ఉంటే రాయండి. అభిప్రాయం మాత్రమే ఉంటే వేరే టాపిక్ చూసుకోండి.

స్కూల్లో సస్పెండ్ అయ్యాను. చెప్పాలా?

కామన్ యాప్ తన ఉమ్మడి భాగంలోంచి నేరచరిత్ర ప్రశ్నను 2019లో, స్కూల్ క్రమశిక్షణ ప్రశ్నను 2021లో తీసేసింది. కానీ కాలేజీలు తమ సొంత ప్రశ్నల్లో అడగొచ్చు. అడిగినచోట నిజమే చెప్పాలి. ఏం జరిగింది, అందులో నా తప్పు ఎంత, ఆ తర్వాత ఏం మారింది అన్న మూడూ పొట్టిగా రాయండి. "అందరూ చేశారు, నేనే దొరికాను" అనే వాక్యం ఎంత నిజమైనా తీసేయండి.

నేను గే అని ఇంట్లో తెలియదు. ఎస్సేలో రాస్తే బయటపడుతుందా?

కాలేజీ మీ ఎస్సేని అమ్మానాన్నలకు పంపదు. బయటపడితే ఇంటి నుంచే పడుతుంది. కామన్ యాప్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? డ్రాఫ్ట్ ఉన్న డాక్యుమెంట్ ఎవరితో షేర్ అయి ఉంది? కన్సల్టెంట్‌కి డబ్బు కట్టేది అమ్మానాన్నలే అయితే ఆయన వాళ్ళకు డ్రాఫ్ట్ చూపించరా? వీటన్నిటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే రాయండి. తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తారనో, చదువు ఆపేస్తారనో భయం ఉంటే ఈ ఏడాదికి వేరే విషయం రాయండి. అది పిరికితనం కాదు. మీ భద్రత ముందు, ఏ ఎస్సే అయినా తర్వాతే.

## రాసేటప్పుడు

జరిగినదంతా ఎంత వివరంగా రాయాలి?

చదివేవాళ్ళకు అర్థమయ్యేంత, అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు. నేను పెట్టుకున్న లెక్క ఏమిటంటే, కష్టం 150 పదాలు దాటితే ఆగి చూసుకోవాలి.

పెద్ద మాటలు కాకుండా చిన్న పని చూపించండి. "నాన్న తాగి వచ్చిన రాత్రుల్లో నరకం చూశాను" అంటే నాకు నరకం కనబడదు. "గేటు చప్పుడు వినగానే తమ్ముడి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టేదాన్ని. వాడికి నచ్చిన పాటలు వరసగా సిద్ధం చేసి ఉంచేదాన్ని" అంటే ఇల్లు కనబడుతుంది, ఆ అక్క కూడా కనబడుతుంది. నాన్న గురించి ఒక్క తిట్టు లేకుండానే అంతా తెలిసిపోయింది. ఇలాంటి రెండు వాక్యాలు దొరికాక వివరాల కోసం వెతుక్కోనక్కర్లేదు.

చివర్లో "అన్నీ జయించాను" అని ముగించాలా?

జయించకపోతే అలా రాయొద్దు. పదిహేడేళ్ళ వయసులో అమ్మ క్యాన్సర్‌ని అర్థం చేసుకుని ప్రశాంతత సాధించానంటే నమ్మడం కష్టం. "ఆసుపత్రి వాసన ఇప్పటికీ నాకు పడదు, అయినా ప్రతి శనివారం వెళ్తున్నాను" అన్నది నమ్మొచ్చు.

ప్రభావం కోసం కొంచెం పెంచి రాస్తే?

వద్దు. అప్లికేషన్‌లో ఉన్నదంతా నిజమని మీరు సంతకం చేస్తారు. కౌన్సెలర్ ఉత్తరం, టీచర్ ఉత్తరం అదే ఫైల్లో పక్కనే ఉంటాయి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, నిజంగా అలాంటి కష్టం పడిన పిల్లల మాట మీద నమ్మకం పోతుంది.

ఏఐతో రాయించుకోవచ్చా? మనుషులకు చెప్పడం కంటే సిగ్గు తక్కువ.

ఆ సిగ్గు నాకు అర్థమవుతుంది. కానీ ఏఐ రాసిన దాన్ని మీ సొంతమని పంపడాన్ని కామన్ యాప్ తన నిబంధనల్లో మోసం కింద చేర్చింది. మీ ఇంటి రహస్యాలను ఒక కంపెనీ సర్వర్లకు అప్పగిస్తున్నారన్నది కూడా మర్చిపోవద్దు. సిగ్గు వల్ల చేయి ఆడకపోతే ఫోన్లో మీ గొంతే రికార్డ్ చేసుకుని, విని, రాసుకోండి.

యూసీ కాలేజీలకు కూడా ఇదే ఎస్సే పంపొచ్చా?

కుదరదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అప్లికేషన్ వేరు. 8 ప్రశ్నల్లో మీకు నచ్చిన 4 ఎంచుకుని, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా రాయాలి. అక్కడ మామూలుగా రికమెండేషన్ ఉత్తరాలు తీసుకోరు. మీ తరఫున కౌన్సెలర్ చెప్పే అవకాశం లేదు కాబట్టి మార్కుల వెనక ఉన్న కారణాన్ని మీరే చెప్పుకోవాలి. నాలుగు జవాబుల్లో ఒక్కటి కష్టానికి ఇచ్చి, మిగతా మూడూ మీ ఇష్టాలకు, పనులకు ఇస్తే మనిషి నిండుగా కనబడతారు.

## ఇంట్లోవాళ్ళు, చదివిపెట్టేవాళ్ళు

మా అమ్మాయి ఇంటి గొడవలు రాస్తోంది. పరువు పోతుందని భయంగా ఉంది. ఆపమనాలా?

మీ భయం నిజమైనదే. కానీ ఎస్సే చదివేది అడ్మిషన్ ఆఫీసులో కొద్దిమంది. వాళ్ళు మీ బంధువులు కారు, మీ ఇంటి పేరు రేపు గుర్తుపెట్టుకోరు. అమ్మాయిని ఆపమనే ముందు ఒక్కసారి అడగండి: "నువ్వు రాస్తున్న దాంట్లో నీ గురించి నాకు తెలియనిది ఏమైనా ఉందా?" ఒక తల్లి ఈ మాట అడిగాక ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళు చాలా కాలానికి మనసు విప్పి మాట్లాడుకున్నారు. చివరికి ఎస్సే వేరే విషయం మీద రాసుకున్నారు, అది ఆ అమ్మాయి నిర్ణయమే. మీ ఆరోగ్యం, మీ పెళ్ళి లాంటి మీ సొంత వివరాలు తీసేయమని అడిగే హక్కు మీకు ఉంది. ఆ ఇంట్లో తను ఎలా పెరిగిందన్నది మాత్రం తనది.

అన్నయ్య డ్రగ్స్ అలవాటు గురించి రాస్తున్నాను. అడగాలా?

అడగండి. అది మీ కథతో పాటు అతని కథ కూడా. పేరు తీసేసినా "మా అన్నయ్య" అంటే మీకున్న ఒక్క అన్నయ్యే కదా. ఒప్పుకోకపోతే అతని సంగతి తగ్గించి, ఆ రోజుల్లో మీరు మోసిన భారం వరకే రాయండి.

డ్రాఫ్ట్ ఎంతమందికి చూపించాలి?

ఇలాంటి ఎస్సే ఇద్దరికి మించి వద్దు. ఒకరు మీ గురించి బాగా తెలిసినవాళ్ళు, ఒకరు బాగా చదివేవాళ్ళు. చూపించాక "బాగుందా?" అని అడగొద్దు. "ఇది చదివాక నేను ఎలాంటి మనిషిననిపించింది?" అని అడగండి. జవాబులో మీ కష్టం పేరే వస్తే మళ్ళీ రాయాలి.

## పంపించాక

ఇంటర్వ్యూలో దీని గురించి అడుగుతారా?

పూర్వ విద్యార్థులు చేసే ఇంటర్వ్యూల్లో చాలా చోట్ల వాళ్ళకు మీ అప్లికేషన్ ఇవ్వరు, కాబట్టి వాళ్ళకు తెలియదు. ఎవరైనా అడిగితే "దాని గురించి ఎస్సేలో రాశాను, ఇప్పుడు వేరే విషయం మాట్లాడొచ్చా?" అంటే సరిపోతుంది.

కాలేజీలో చేరాక ప్రొఫెసర్లకు, రూమ్మేట్‌కి తెలుస్తుందా?

మామూలుగా తెలియదు. ఎస్సే అడ్మిషన్ ఆఫీసు కోసం. మీకు పరీక్షల్లో అదనపు సమయం లాంటివి కావాలంటే ఎస్సేలో రాశాను కదా అని ఊరుకోవద్దు. చేరాక వికలాంగుల సేవల కార్యాలయానికి విడిగా అప్లై చేసుకోవాలి.

పంపేశాను. ఇప్పుడు రాయకుండా ఉండాల్సిందనిపిస్తోంది. వెనక్కి తీసుకోవచ్చా?

పంపిన కాలేజీ నుంచి వెనక్కి రాదు. కానీ కామన్ యాప్‌లో ఎస్సేని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మార్చాక పంపే కాలేజీలకు కొత్తదే వెళ్తుంది. నవంబర్ 1కి ముందస్తుగా ఒక కాలేజీకి పంపి, జనవరి 1 డెడ్‌లైన్‌కి వేరే ఎస్సే పెట్టినవాళ్ళు నాకు తెలుసు. మొదటిది చదివిన వాళ్ళ ముందు మీ ఫైల్‌తో పాటు ఇంకా చాలా ఫైళ్ళు ఉంటాయి. వాళ్ళు మీ కథను బయట చెప్పుకునే మనుషులు కారు. ఈ రాత్రికి కంప్యూటర్ మూసేయండి. రేపు పొద్దున మిగిలిన కాలేజీల లిస్టు ముందు పెట్టుకుని, ఏది మార్చాలో అప్పుడు చూసుకోండి.